సర్వే నంబరు లేని మ్యాపు

ఈరోజు నగర ప్రణాళికలో పట్టాలు అందుకుంటున్న మీకూ, ఇంతదాకా చదివించిన మీ తల్లిదండ్రులకూ అభినందనలు.

2023 జనవరిలో కామారెడ్డి రైతులు రోడ్డెక్కిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మాస్టర్‌ప్లాన్ ముసాయిదాలో తమ పంటపొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపించారన్నది వాళ్ల ఆవేదన. చివరికి మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది.

ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు పిలవడం చట్టం చెప్పిన పద్ధతే. కానీ అది జరిగే తీరు చూడండి. ఆఫీసు గోడకు మ్యాపు అతికిస్తారు. రైతు వచ్చి వేలు పెట్టి తన చేను వెతుక్కుంటాడు. సర్వే నంబరు కనబడదు. తన బోరుబావి పరిశ్రమలను సూచించే ఊదా రంగులో పడిందా, కొత్త రోడ్డు తన గట్టు మీదుగా పోతోందా అని అడిగితే చెప్పే మనిషి ఉండడు. ఈలోగా గడువు అయిపోతుంది. ఇరవై ఏళ్లపాటు ఆ భూమి తలరాత మాత్రం ఖాయమైపోతుంది.

అలాగని అడ్డుచెప్పినప్పుడల్లా ప్లాను మార్చేయమనడం లేదు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచాక, విశ్వేశ్వరయ్య ఎగువన జలాశయాలు కట్టమన్నారు. అలా వచ్చినవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. వాటిలోకి నీళ్లొచ్చే దారులు కాపాడటానికి 1996లో 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టింది. 2022లో ఆ ఆంక్షలు సడలించారు. ఆ హద్దులు అవసరమేనని నా గట్టి నమ్మకం. అయితే పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే, నగరం కోసం ఆ గ్రామాలే నష్టపోవాలా? ఇలాంటి చోట పరిహారం గానీ, మరోచోట వాడుకోగలిగే అభివృద్ధి హక్కు గానీ ప్లానులోనే రాసి తీరాలి. అది లేని ఆంక్ష ఎక్కువకాలం నిలవదు.

ఇవన్నీ మీరొక్కరే తేల్చనక్కర్లేదు. 74వ రాజ్యాంగ సవరణ జిల్లా ప్రణాళికా సంఘంలో అయిదింట నాలుగు వంతుల మంది ఎన్నికైన స్థానిక ప్రతినిధులే ఉండాలంది. వాళ్ల దగ్గరికి వెళ్లండి, వాళ్లతో పని చేయించండి.

రేపు మీరు ఏ మున్సిపాలిటీలో చేరినా, చెరువు శిఖం, వాగు దారి గీశాకే రోడ్లు గీయండి. మ్యాపు మీద సర్వే నంబర్లు వేయించి, వార్డు సభలో మీరే నిలబడి తెలుగులో చదివి వినిపించండి. అభ్యంతరం రాసిచ్చిన ప్రతి ఒక్కరికీ ఒప్పుకున్నదీ లేనిదీ, ఎందుకన్నదీ కాగితం మీద జవాబు పంపండి.