ఊరికే ఉండే హక్కు

(స్త్రీల పని, విశ్రాంతి అనే అంశం మీద కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల పని గురించి మనం చాలా సదస్సులు పెట్టుకున్నాం. కూలి రేట్లు, ఇంటి చాకిరీ, అంగన్‌వాడీ జీతాలు, అన్నీ మాట్లాడుకున్నాం. విశ్రాంతి అనగానే మాత్రం మనకు జబ్బో పురుడో గుర్తొస్తుంది. జబ్బు చెయ్యకుండా, తీర్థానికో పెళ్ళికో కాకుండా, ఊరికే నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళి కూర్చున్న ఆడమనిషి మన ఇళ్ళలో ఎవరైనా ఉన్నారా? అందుకని సిద్ధాంతం పక్కన పెట్టి, నేనూ నా స్నేహితురాలూ గోకర్ణంలో గడిపిన 10 రోజుల సంగతి చెప్తాను. మా ఇద్దరికీ 50 దాటాయి. వీపున చెరో సంచి, అంతే సామాను.

గోకర్ణం ఉత్తర కన్నడ జిల్లా కుమటా తాలూకాలో ఉంది. మన పెద్దవాళ్ళకు అది మహాబలేశ్వరుడి క్షేత్రం, పిల్లలకు సముద్రపుటొడ్డు. ఊళ్ళో గుడి, కోటితీర్థం, రథవీధి. ఎర్రరాతి గుట్ట ఎక్కి దిగితే కుడ్లే బీచి, ఆ తరువాత ఓం బీచి, ఇంకా ముందుకు కాలినడకనో పడవ మీదో చేరే హాఫ్‌మూన్, పారడైజ్ బీచిలు. తక్కువ ఖర్చుతో వారాల తరబడి ఉండిపోయే దేశవిదేశాల వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా వస్తున్న చోటు. ఎవరికీ తొందర ఉండదు. టిఫిను చెప్తే గంటకు వస్తుంది. మొదటి రెండు రోజులు మాకు చేతులు ఊరుకోలేదు. నా స్నేహితురాలు గదిలో దుప్పట్లన్నీ దులిపి మడతపెట్టేసింది. పని లేకుండా కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని నాకు అప్పుడే అర్థమయింది.

హుబ్బళ్ళి నుంచి ఘాటు దిగే బస్సులో సగానికి పైగా ఆడవాళ్ళే. కర్ణాటకలో 2023 జూన్ 11న శక్తి పథకం మొదలయింది. ఆ రాష్ట్రం స్త్రీలకు టికెట్టు లేదు. మేము పరాయి రాష్ట్రం వాళ్ళం కాబట్టి డబ్బు కట్టాం. ‘పనీపాటా లేక తిరుగుతున్నారు’ అని వెనక సీట్లో ఒక పెద్దమనిషి విసుక్కుంటున్నాడు. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రలో 2025 ఆగస్టులో ఉచిత బస్సు వచ్చినప్పుడు మనమూ ఇదే మాట విన్నాం. ఆసుపత్రికి వెళ్తే ఒప్పుకుంటారు, కూలికి వెళ్తే ఒప్పుకుంటారు, ఊరికే వెళ్తే మాత్రం ప్రభుత్వ సొమ్ము దండగ! మగవాడు ఊరికే తిరిగితే దానికి లెక్క అడిగినవాళ్ళు లేరు.

గుడి సందులో ఒక లాడ్జీ వాళ్ళు ‘మీతో మగవాళ్ళెవరూ లేరా’ అని అడిగి, లేరంటే గది లేదన్నారు. వెనక తాళాలు వేలాడుతూనే ఉన్నాయి. హోటళ్ళలోకి, దుకాణాల్లోకి, వినోద స్థలాల్లోకి వెళ్ళకుండా కేవలం ఆడదన్న కారణంతో ఎవరినీ అడ్డగించకూడదని రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చెప్తుంది. అది ప్రైవేటు యజమానులకూ వర్తిస్తుంది. ఈ మాట మన శిక్షణ తరగతుల్లో ఉద్యోగాల సందర్భంలో చెప్తాం గానీ లాడ్జీ కౌంటరు దగ్గర ఎవరూ వాడరు. మేము వాడాం. గది దొరకలేదు. వాళ్ళు రిజిస్టరు మూసేశారు, మేము కుడ్లే వైపు నడిచాం.

2025 మార్చిలో హంపి దగ్గర సాణాపురలో ఇద్దరు స్త్రీల మీద అత్యాచారం జరిగింది. వాళ్ళతో ఉన్న మగవాళ్ళను కాలువలోకి తోసేస్తే ఒకతను చనిపోయాడు. మేము బయల్దేరేటప్పుడు ఇంట్లో ఆ సంఘటనే చూపించి వద్దన్నారు. అయితే ఆ ఇద్దరిలో ఒకామె ప్రయాణికురాలు, రెండో ఆమె హోంస్టే నడిపే మనిషి, అంటే పనిలో ఉన్న మనిషి. ప్రయాణం మానుకోమని ఒకామెకు చెప్తాం. రెండో ఆమెకు ఏం మానుకోమని చెప్తాం?

ఆ రెండో ఆమె లాంటి వాళ్ళ గురించే ఎక్కువ చెప్పాలి.

రథవీధిలో కూరగాయలు, పూలు అమ్మేవాళ్ళలో హాలక్కి ఒక్కలిగ స్త్రీలు చాలామంది. రవిక లేకుండా చుట్టుకున్న చీర, మెడ నిండా పూసల దండలు. వచ్చేపోయేవాళ్ళు అడగనైనా అడక్కుండా ఫోన్లు పైకెత్తుతారు. ఒకామె ముఖానికి గోనెపట్టా అడ్డం పెట్టుకుంది. నా స్నేహితురాలిది మడకశిర వైపు, కన్నడం బాగా వచ్చు. ఆమెతో ఆ అమ్మ అన్నది: ‘కూర కొనరక్కా, నన్ను పట్టుకుపోతారు.’ బీచిలో ఈతబట్టల్లో ఉన్న విదేశీ పిల్లా, బజార్లో రవిక లేని ఈ అమ్మా, ఇద్దరూ అవే ఫోన్లలోకి వెళ్తున్నారు.

ఈ జాతి వాళ్ళు తమను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చమని ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. 2017లో పద్మశ్రీ అందుకున్న పాటల తల్లి సుక్రి బొమ్మగౌడ వీళ్ళలో మనిషే, పక్కనే అంకోలా తాలూకా. 2025లో చనిపోయింది. ఆమె పాడటమే కాదు, సారాకు వ్యతిరేకంగా ఊరి ఆడవాళ్ళను కూడగట్టింది. 1992లో దూబగుంట చూసిన మనకు ఆమెను ఎవరో పరిచయం చెయ్యనక్కర్లేదు.

ఇక మేమున్న చోట గదులు ఊడ్చే ఆవిడ. వయసు 30 లోపే. పొద్దున ఆరింటికి వస్తుంది, దుప్పట్లు ఉతుకుతుంది, వంటకు సాయం చేస్తుంది, చీకటి పడ్డాక వెళ్తుంది. వారానికో రోజు సెలవు చట్టంలో ఉంది. ‘సీజన్లో సెలవేంటక్కా’ అంది. వానాకాలం నాలుగు నెలలూ పనే ఉండదు, అదే సెలవట. మేము కాలు మీద కాలు వేసుకుని సముద్రం చూడటానికి వీలయింది ఆవిడ నడుం వాల్చకపోవడం వల్లనే.

ఒక అతిథి గది ఊడవడానికి వెళ్తే తలుపు వేశాడట. తప్పించుకుని వచ్చింది. యజమానికి చెప్పలేదు. చెప్తే డబ్బిచ్చేవాడు పోతాడు, ఈమె పని పోతుంది. అక్కడ పనివాళ్ళు నలుగురే. 2013 చట్టం ప్రకారం పదిమంది లోపున్న చోట అంతర్గత కమిటీ ఉండదు, ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి. జిల్లా కేంద్రం కార్వార్, దాదాపు 60 కిలోమీటర్లు. అయితే అంత దూరం పోనక్కర్లేదు. తాలూకాలో నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకుని 7 రోజుల్లో కమిటీకి పంపాలి. గడువు 3 నెలలు. నా స్నేహితురాలు ఇదంతా కన్నడంలో కాగితం మీద రాసిచ్చింది. ఆవిడ చదివి, మడిచి, జాకెట్లో పెట్టుకుని, ‘కుమటా వెళ్ళిన రోజు కూలి ఎవరిస్తారు?’ అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. చట్టంలోనూ లేదు.

మీలో బాపట్ల, భీమిలి వైపు పనిచేసే వాళ్ళున్నారు. సూర్యలంకలో, రుషికొండలో రిసార్టుల్లో పక్కలు సర్దే స్త్రీలతో కూర్చుని ఎప్పుడైనా మాట్లాడామా? మీ మండలానికి నోడల్ అధికారిగా ఎవరిని వేశారో, అసలు వేశారో లేదో రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబు కాగితాలు వచ్చే సమావేశానికి తీసుకురండి. వెళ్ళేటప్పుడు ఒక రోజు ఎక్కువే ఉండేలా వెళ్ళండి. సాయంత్రం వాళ్ళ పని అయ్యాక గానీ మాటలు రావు.