ఎవరూ లేని ఇంట్లో ఒక రోజు: గోరంట్ల నుంచి గ్వాంగ్జు దాకా

పోయిన ఎపిసోడ్ చూసి చాలామంది "అన్నా, కొరియాలో ఏమేం చూసినావు?" అని అడిగారు. ఈరోజు నేను ఏమీ చూడని రోజు గురించి చెప్తాను. నిజంగానే. ఆ రోజు నేను గడప దాటింది ఒక్కసారే, అది కూడా చెత్త పడేయడానికి.

మాది గోరంట్ల అని మీకు తెలుసు కదా. పక్కనే పెనుకొండ దగ్గర, ఎర్రమంచిలో 2019లో కియా కార్లు తయారవడం మొదలైంది. అప్పటినుంచి మా వైపు కొరియా వాళ్ళు కనిపించడం మామూలైపోయింది. నేను ఆ కార్లకి పార్టులు చేసే ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నా. 2024 సెప్టెంబర్‌లో ట్రైనింగ్ కోసం నన్ను గ్వాంగ్జు పంపించారు. పెనుకొండలో రెండేళ్ళు ఉండిపోయిన ఒక సార్ ఉన్నారు అక్కడ. ఆయనకి తెలుగులో మూడు మాటలు వచ్చు: నీళ్ళు, ఎండ, చాలు. పండగ సెలవులకి హాస్టల్లో ఒక్కడినే ఉంటానని తెలిసి, "మా ఇంటికి రా" అన్నారు.

ఆ పండగ పేరు చుసోక్. వాళ్ళ లెక్కలో ఎనిమిదో నెల పున్నమి. ఆ ఏడాది సెప్టెంబర్ 17న వచ్చింది. ఊళ్ళకి ఊళ్ళు సొంతూరికి కదులుతాయి, మనకి సంక్రాంతికి బస్సులు నిండిపోయినట్టు. సార్ వాళ్ళూ ముందురోజే బయల్దేరారు. ఎందుకో తెలుసా? వాళ్ళ తాతల సమాధుల మీద పెరిగిన గడ్డి కోసి, శుభ్రం చేసి, భోజనం పెట్టి, మోకాళ్ళ మీద వంగి మొక్కడానికి.

పోయే ముందు మేడమ్ నాకు మూడు చూపించారు: తలుపు నంబర్ లాక్, స్టవ్, చెత్త డబ్బాలు. మీరు ఎవరింట్లో అయినా ఒంటరిగా ఉండాల్సొస్తే ఈ మూడూ అడిగి పెట్టుకోండి. అక్కడ అన్నం మెతుకులు వేరే, ప్లాస్టిక్ వేరే, కాగితం వేరే. తప్పు డబ్బాలో వేస్తే మాట పడేది మనం కాదు, ఆ ఇంటివాళ్ళు.

పొద్దున లేచేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. మా ఇంట్లో నాకు అట్లాంటి పొద్దు ఎప్పుడూ రాలేదు. అమ్మ గిన్నెల చప్పుడో, నాయన ఫోన్ మాట్లాడే గొంతో ఏదో ఒకటి ఉంటుంది. మొదట ఒక గంట బలే ఉంది. తర్వాత భయం వేసింది. ఏ వస్తువు ముట్టుకోవాలన్నా చెయ్యి ఆగిపోయేది. సోఫా ఉన్నా కింద కూర్చున్నా. కుక్కర్లో అన్నం అయిపోగానే అది ఆడ గొంతుతో కొరియన్లో ఏదో చెప్పింది. ఉలిక్కిపడి "ఆ మేడమ్" అన్నా! నవ్వుకోండి, పర్లేదు.

టేబుల్ మీద మేడమ్ సొంగ్‌ప్యోన్ పెట్టి పోయారు. బియ్యం పిండితో చేసి, లోపల నువ్వులు పెట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. చూడ్డానికి చిన్న కజ్జికాయ, తింటే మన కుడుము. రెండు తిన్నాక గొంతు పట్టేసినట్టయింది. తీపికి కాదు. వాళ్ళు ఇప్పుడు సమాధి దగ్గర ఉంటారు కదా అనిపించింది. అంతే, మా తాత గుర్తొచ్చాడు.

మా తాత సమాధి మా చేనులోనే ఉంది, యాపచెట్టు కింద. మూడెకరాల మెట్ట. ఆ చేను అమ్మాలని నాయన రెండు నెలలుగా నాతో మాట్లాడాలని చూస్తున్నాడు. బెంగళూరు నుంచి ఎవరో అడుగుతున్నారు, హైవే వైపు భూములకి ధరలు పెరిగినాయి. ఇంట్లో అప్పుంది. నేను ఫోన్ ఎత్తి "డ్యూటీలో ఉన్నా నాయనా, మళ్ళీ చేస్తా" అనేవాణ్ణి. మళ్ళీ చేసేవాణ్ణి కాదు. ఆ రోజు నాకు డ్యూటీ లేదు. చెప్పుకోడానికి సాకు కూడా లేదు.

అక్కడ పన్నెండు, మన దగ్గర ఎనిమిదిన్నర. ఫోన్ చేశా. నాయన చేనులోనే ఉన్నాడు.

"వాన పడిందా నాయనా?"

"యాడ పడిందిరా. కాయ ఊరే టయానికి మొగం చాటేసింది. నువ్వు తిన్నావా?"

"తిన్నా. చేను సంగతి చెప్పు."

కొంచేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అమ్మితే అప్పు తీరుతుంది. కానీ మా నాయనను యాడికి తీసకపోదును?"

అనంతపురం శెనక్కాయ రైతుకి అప్పు, వాన రెండూ కొత్త కాదు. కానీ నాయన రెండు నెలలుగా నాకు చెప్పాలనుకున్నది ధర గురించి కాదని నాకు అప్పుడే తెలిసింది. గంటన్నర మాట్లాడుకున్నాం. అంతసేపు నేను నాయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. చివరికి ఒకటే అన్నా: "నేనొచ్చేదాకా సంతకం పెట్టొద్దు నాయనా."

సాయంత్రం గిన్నెలు కడిగి, చెత్త వేరు చేసి కిందికి తీసుకెళ్ళా. పైన పున్నమి చంద్రుడు. వాళ్ళ పెద్దల పండగ ఆ పున్నమికి, మన పితృపక్షం ఆ మర్నాడే మొదలు. ఇన్ని వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, రెండు ఊళ్ళూ ఒకే వారంలో తాతల్ని తలుచుకుంటున్నాయి.

మర్నాడు సార్ వచ్చి "నిన్న ఎక్కడికి పోయావు?" అని అడిగారు. "చేనుకి పోయొచ్చా సార్" అన్నా. ఆయనకి అర్థం కాలేదు. ఫోన్లో చేను ఫోటో, తాత సమాధి చూపించా. చాలాసేపు చూశారు. తర్వాత తెలుగులో "ఎండ" అన్నారు. ఆ ఒక్క మాట చాలు నాకు.

అక్టోబర్ 2, మహాలయ అమావాస్యకి నేను గోరంట్లలో ఉన్నా. నాయన, నేను కలిసి సమాధి చుట్టూ గడ్డి పీకినాం. రోడ్డు వైపు ఎకరా అమ్మినాం, అప్పు తీరింది. యాపచెట్టు ఉన్న రెండెకరాలు ఉన్నాయి. అది తెలివైన పనో కాదో చెప్పలేను. కానీ ఇద్దరం కూర్చుని తేల్చుకున్న పని.

బయట దేశం పోతే తిరగండి, ఫోటోలు తీయండి, తప్పు లేదు. కానీ ఒక రోజు ఖాళీగా దొరికితే అది వేస్ట్ అయిందని బాధపడకండి. "మళ్ళీ చేస్తా" అని మీరు పెట్టేసిన ఫోన్ ఒకటి ఉంటుంది. ఆ రోజు చేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.