దారి ప్రమాదములు, గాయపు పత్రము



అనంతపురమునుండి కదిరికి పోవు రాజమార్గమును ధర్మవరపు బాట కలియుచోట బత్తలపల్లె యున్నది. విన్సెంటు ఫెర్రరు నెలకొల్పిన ఆర్.డి.టి. సంస్థ 2000 సంవత్సరమున ఇచ్చట ఆసుపత్రిని తెఱచెను. బండి తగిలినవానిని ఎచ్చటికి కొనిపోవలెనో ఈ ప్రాంతమువారికి తెలియును. అచ్చట ఏమి చెప్పవలెనో పలువురికి తెలియదు.

పోలీసుల గొడవ యెందుకని, "మిద్దెమీదనుండి జారిపడినాడు" అని వ్రాయించువారు కలరు. వైద్యుడు విన్నది వ్రాసికొనును. కాలు పోయిన రైతు పరిహారము కోరినపుడు, బీమా కంపెనీ వకీలు మొట్టమొదట చూపునది ఆ పంక్తినే. పిదప సాక్షులెందఱు వచ్చినను దానిని తుడిచివేయుట కష్టము.

కావున ఏ బండి, ఏ చోట, ఏ వేళ తగిలెనో ఉన్నదున్నట్లు చెప్పుడు. బండి నంబరు తెలియకున్న తెలియదనుడు. ఊహించి చెప్పిన నంబరు మఱింత చెఱుపు. ప్రతి గాయము యొక్క స్థానము, కొలత, అది సామాన్యమో తీవ్రమో వైద్యుడు గాయపు పత్రమున వ్రాయును. దాని నకలును, ఎక్స్‌రేలను, మందుల రసీదులను పట్టా కాగితములతోపాటు పెట్టెలో దాచుడు.

కాగితములకొఱకు చికిత్స ఆపరాదని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పినది. గాయపడినవానిని తెచ్చిన బాటసారి తన పేరు చెప్పనక్కఱలేదని 2020 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు చెప్పుచున్నవి. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పథకమున ఏడు దినములవఱకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, రొక్కము కట్టకయే చికిత్స దొరకును. అందుకు అది దారి ప్రమాదమేయని పోలీసులు ధ్రువపఱుపవలెను. మిద్దెనుండి పడినవానికి ఆ పథకము వర్తింపదు.