ఎండసీమ విడిచి తీరసీమకు పోవుటయా?



ఉద్యోగము చాలించిన పిదప మిగిలిన దినములు ఎచ్చట గడపవలె నను ప్రశ్న పూర్వము పుట్టెడిది కాదు. పుట్టిన యూరిలోనే ముసలితనము, ఆ యూరి చెఱువుగట్టుననే కడపటి యాత్ర. ఇప్పుడు బిడ్డలు నాలుగు దిక్కులకు పోయిరి. పోయినవారు తల్లిదండ్రులను రమ్మని పిలుచుచున్నారు. పిలుచుట వారి ధర్మము. పోవుటయో పోకుండుటయో మనము తేల్చుకొనవలసినది.

మా యింట ఈ ప్రశ్న పుట్టి రెండేండ్లైనది. మాది అనంతపురము జిల్లా. మా కూఁతురు కాపురము అమలాపురము చేరువ, కోనసీమలో. "నాన్నా, ఆ ఎండలో, ఆ నీళ్ల కఱవులో ఇంకా ఎందుకుంటారు? ఇల్లు అమ్మి ఇక్కడికే వచ్చేయండి, కళ్లెదుట ఉంటారు" అని టెలిఫోనులో ప్రతి ఆదివారమును అడుగుచుండును. ఆ మాట వినినపుడెల్ల మా గృహిణి నా ముఖము వంక చూచును. ఇల్లు అమ్ముట ఒక దినపు పని. అమ్మిన యింటిని మరల కొనుట పింఛను మీఁద బ్రదుకు బడిపంతులుకు సాధ్యమగు పని కాదు. కాఁబట్టి తొందరపడక, చదివినదియు చూచినదియు పోల్చి విచారించితిని. మీలో పలువురకు ఇట్టి పిలుపే వచ్చియుండును గనుక ఆ విచారమును మీ ముందుంచుచున్నాను.

మన వైద్యశాస్త్రము దేశమును మూఁడు విధములుగా విభజించినది. నీరును చెట్లును తక్కువయై, గాలియు ఎండయు హెచ్చుగా నుండునది జాంగలము. నీరును చెట్లును మిక్కుటమై తేమతో నిండినది అనూపము. రెంటికి నడుమనున్నది సాధారణము. జాంగలమున వాతము, అనూపమున కఫము ప్రబలునని వాగ్భటుఁడు చెప్పెను. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియైదవ యధ్యాయములో శ్రేష్ఠవస్తువుల పట్టిక యొకటి కలదు. అందు ఆరోగ్యకరములైన దేశములలో మరుభూమి మొదటిదనియు, అహితములైన దేశములలో అనూపము మొదటిదనియు ఉన్నది. ఈ వాక్యమును నేను చదివి వినిపించినపుడు మా అల్లుఁడు నవ్వి, "మా వీధిలో తొంబదియేండ్ల ముసలివారు ముగ్గురున్నారు, వారికి ఈ పుస్తకము ఎవరును చూపలేదు" అనెను. అతని మాటలో సత్యము లేకపోలేదు. పుట్టి పెరిగిన నేల దేహమునకు సాత్మ్యమగునని శాస్త్రమే చెప్పుచున్నది. కోనసీమలో పుట్టినవానికి కోనసీమ సాత్మ్యము. అఱువదియైదేండ్లు ఎండలో ఎండిన కట్టెను తీసికొనిపోయి తడిలో పాతుట వేఱు మాట.

ఇఁక ఉక్క విషయము. దీనిని కుండనీటితో పోల్చి చెప్పిన తేటపడును. మా యూర వైశాఖమున కొత్తకుండలో నీరు పోసి నీడ నుంచినచో మధ్యాహ్నమునకు గొంతు జివ్వుమనునంత చల్లనగును. అట్టి కుండనే సముద్రతీరమున నుంచినచో పైన తడి కనఁబడునే గాని నీరు అంతగా చల్లఁబడదు. కుండలో దోషము లేదు. కుండగోడ చెమర్చిన నీరు ఆవిరియై పోవునపుడు వేఁడిని వెంట తీసికొనిపోవును. గాలి పొడిగా నున్నచో ఆవిరి త్వరగా పోవును. గాలియే నీటితో నిండియున్నచో అది పోవుటకు చోటు లేదు. వట్టివేళ్ల తడకలు మా సీమలో పనిచేయునట్లు తీరమున పనిచేయకుండుటకు కారణ మిదియే. మన దేహమును అట్టి కుండయే. చెమట పట్టినంతమాత్రమున దేహము చల్లఁబడదు, ఆ చెమట ఆఱవలయును.

దీనిని కొలుచుటకు సులభమైన సాధన మున్నది. రెండు ఉష్ణమాపకములు తీసికొని ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టవలెను. తడిబుడ్డి చూపు అంకెయే చెమట మనలను ఎంతవఱకు చల్లార్పఁగలదో తెలుపును. గాలి 40 డిగ్రీలై, అందు తేమ నూటికి 20 పాళ్లున్నపుడు తడిబుడ్డి సుమారు 23 డిగ్రీలు చూపును. గాలి 33 డిగ్రీలే యైనను తేమ నూటికి 75 పాళ్లున్నచో తడిబుడ్డి 29 డిగ్రీలకు ఎక్కును. మొదటిది మా అనంతపురపు మధ్యాహ్నము వంటిది, రెండవది తీరమునందలి ఉక్కదినము వంటిది. వార్తాపత్రికలో అచ్చగు ఉష్ణోగ్రతను మాత్రమే చూచువాఁడు తీరమే చల్లనిదని భ్రమపడును. తడిబుడ్డి 35 డిగ్రీలు చేరినచో ఆరోగ్యవంతుఁడైన యువకుఁడు నీడలో కూర్చుండియున్నను కొన్ని గంటలకు మించి ప్రాణము నిలుపుకొనలేఁడని శాస్త్రజ్ఞుల లెక్క. ముదుసలికి అంతకు చాల ముందే అపాయము. వయసు మీఱినకొలఁది చెమటయు తగ్గును, దప్పి తెలియుటయు తగ్గును. రక్తపుపోటునకు మూత్రమును హెచ్చించు మందులు వాడువారు వేసవిలో వైద్యుని అడిగి ఆ మోతాదు సరిచూచుకొనుట అవసరము. ఇది ఏ సీమవారికైనను వర్తించును.

మా సీమను పొగడుటకు ఈ మాట చెప్పుటలేదు. పొడియెండలో చెమట పుట్టినది పుట్టినట్లు ఆఱిపోవును గనుక దేహములోని నీరు తఱిగిన సంగతి మనకు తెలియదు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి వానలు మాకు చాలినంత రావు, ఈశాన్యపు వానలు మా దాఁక వచ్చునప్పటికి అలసిపోవును. సంవత్సరమున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మా భాగ్యము. కోనసీమకు దానికి రెండింతలు. మా బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చైన గ్రామములు పెక్కు. గోదావరి కాలువల నీటిని చూచి మా గృహిణి మొదటిమాఱు చేతులు జోడించినది. 1852 లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట ఆ సీమకు చేసిన మేలు, నీరు లేని సీమనుండి పోయినవారికి తెలిసినట్లు అచ్చటివారికి తెలియదని నా యభిప్రాయము.

తీరమున ఉక్కయే గాని వడగాడ్పు లేదని కొందఱు తలఁతురు. అదియు సరికాదు. వేసవిలో మధ్యాహ్నమునకు సముద్రపుగాలి తిరిగినచో వేఁడి తగ్గును. పడమటిగాలి బలముగా వీచు దినములలో ఆ సముద్రపుగాలి లోపలికి రాలేదు. అప్పుడు కృష్ణాగోదావరుల మండలమున 45 డిగ్రీలు దాఁటిన దినములును కలవు. 2015 వేసవిలో ఆంధ్ర, తెలంగాణములలో వేయిమందికి పైగా వడదెబ్బచే మరణించిరి.

తుపానుల మాట చెప్పక తీరదు. 1977 నవంబరు 19 న దివిసీమపై పడిన ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయిరి. 1996 నవంబరు 6 నాటి రాత్రి తుపాను కోనసీమనే ముంచినది. ఆ రాత్రి సుమారు వేయిమంది మరణించిరి. కొబ్బరిచెట్లు కూలినందున బ్రదికినవారికి కొన్నియేండ్లు ఆదాయము లేకపోయెను. కొబ్బరి మరల నాటినను కాపునకు అయిదాఱేండ్లు పట్టును గదా! నేఁడు ఉపగ్రహముల మూలమున కొన్నిదినముల ముందే హెచ్చరిక వచ్చుచున్నది, ప్రజలను ముందుగా తరలించుచున్నారు, ప్రాణనష్టము చాల తగ్గినది. కాని హెచ్చరిక వచ్చినపుడు మోకాళ్ల నొప్పులుగల ముదుసలి ఎంత త్వరగా లేచి నడవఁగలఁడు? గాలి తగ్గిన పిమ్మట విద్యుత్తు లేని దినములు ఎన్ని? ఉక్కలో పంకా యొక్కటే గతియైనవానికి ఆ దినములు తుపానుకంటె కష్టములు.

గ్రంథములు చదివి తీర్పు చెప్పుట చాలదని, క్రిందటి యేఁడు మేమిద్దఱము రెండుమాఱులు పోయి యుంటిమి. పండుగలకు పోవుట పరీక్ష కాదు. సంక్రాంతికి కోనసీమను చూచినవాఁడు ఎవఁడైనను ఇల్లు అమ్ముకొని వచ్చును. కాఁబట్టి మే నెలలో పదునెనిమిది దినములు, భాద్రపదమున ఇరువది దినములు ఉంటిమి. మే నెలలో మొదటి వారము నాకు నిద్ర లేదు. మా యూర ఎంత ఎండ కాచినను తెల్లవాఱుజామున మిద్దెమీఁద దుప్పటి కప్పుకొనవలసివచ్చును. అచ్చట రాత్రియు గాలి బిగిసియుండును, పగటి వేఁడిని రాత్రి తీర్చదు. రెండవ వారమునకు కొంత యలవాటైనది. దేహము కొత్త వేఁడికి అలవాటుపడుటకు పది పదునాలుగు దినములు పట్టునని వైద్యులందురు, వృద్ధులకు ఇంకను ఆలస్యము. ఋతువు మాఱునపుడు పాత యలవాటును ఒక్కసారిగా విడువక, మెల్లమెల్లగా విడిచి కొత్తదానిని మెల్లమెల్లగా పట్టవలెనని వాగ్భటుఁడు చెప్పిన క్రమము దేశము మార్చువారికిని తగును.

భాద్రపదమున నా దుఃఖము వేఱు. తీసికొనిపోయిన పుస్తకములకు ఇరువది దినములలోనే బూజు పట్టెను. మా గురువుగారు నా కిచ్చిన తాటియాకు ప్రతి యొకటి నా యొద్ద కలదు. దానిని మా యింట ఏఁటికొకమాఱు నీడ నార్చి నూనె పూసిన చాలును. అచ్చట నెలకొకమాఱు చూడనిదే నిలువదని తోఁచినది. మా గృహిణి పరీక్ష ఇంతకంటె సూక్ష్మము. ఉప్పుజాడీలో ఉప్పు నీరగుట, అప్పడములు మెత్తఁబడుట, ఆఱవేసిన చీర సాయంకాలమునకును చెమ్మగా నుండుట ఆమె లెక్కించెను. దోమలను గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. బోదకాలు తీరమండలమునకు పాతచుట్టము. 2004 నుండి దేశమంతట ఏఁటేఁట మందులు పంచిన మీఁదట అది చాల తగ్గినది, మురుగుగుంటలు మాత్రము తగ్గలేదు. తిండి మాటయు ఒకటి. మధుమేహముగల నాకు మా యింట రాగిసంగటి, జొన్నరొట్టె. అచ్చట మూఁడు పూటల వరియన్నమును, దాని వెంట ప్రేమతో పెట్టు పూతరేకులును. వద్దనుట కష్టము.

మేలు చెప్పకుండుట అన్యాయము. అచ్చట దుమ్ము లేదు. మా గృహిణికి ఏఁటేఁట మాఘమునుండి వచ్చు పొడిదగ్గు ఆ రెండుమాఱులును రాలేదు. చర్మము పగులలేదు. ఆసుపత్రి పది నిమిషముల దూరమున నున్నది. మా యూరినుండి పట్టణము చేరుటకు గంటకు పైగా పట్టును. ఒక రాత్రి ఆమెకు ఆయాసము వచ్చినపుడు ఆ గంట ఎంత దీర్ఘమో నేను చూచితిని. అన్నింటికంటె ముఖ్యము, సాయంకాలము మనుమరాలు వచ్చి ఒడిలో కూర్చుండును. దీనికి తడిబుడ్డి కొలత లేదు.

కూఁతురింట స్థిరముగా నుండుట తగునా యను శంక మా తరమువారికి ఉండనే యుండును. అల్లుఁడు మంచివాఁడు, ఆ సంగతి ఎత్తినచో నొచ్చుకొనును. ఐనను ఆ వీధిలోనే వేఱుగ ఒక చిన్నయిల్లు అద్దెకు తీసికొనుట ఉభయులకును గౌరవమని నా నిశ్చయము. ఇల్లు చూచునపుడు నేను అడిగినవి కొన్ని: అరుగు వీధికంటె ఎంత యెత్తు, 1996 లో ఆ వీధిలోనికి నీరు ఎంతవఱకు వచ్చెను, దక్షిణపు కిటికీ తెఱచినచో గాలి ఆడునా, బావినీరు ఉప్పనా, తుపాను ఆశ్రయమునకు నడకదూర మెంత. ఇంటివాఁడు మొదట నవ్వెను. తరువాత గోడమీఁద నీరు నిలిచిన గుర్తును తానే చూపెను. నా మోకాలిదాఁక నుండెను. ఆ యిల్లు వదలి, అరుగు ఎత్తైన వేఱొక పెంకుటిల్లు మాట్లాడితిమి.

కాఁబట్టి ఇల్లు అమ్ముటలేదు. ధనుర్మాసము సగమైన పిదప, తుపానుల కాలము గడచి గాలి తేటపడినపుడు, అచ్చటికి పోయి ఫాల్గుణము ముగియువఱకు ఉండెదము. ఆ నెలలలో కోనసీమ చల్లనిది, తేమయు ఓర్వఁదగినది. మా సీమ దుమ్మును ఆమె తప్పించుకొనును. ఉగాదికి మా మిద్దెకు తిరిగివత్తుము. పుస్తకములు ఇచ్చటనే యుండును. తాళపుచెవి ఎదురింటివారి యొద్ద నుండును, వారు పదిదినములకొకమాఱు తలుపులు తెఱచి ఊడ్పింతురు. ఇట్లు తిరుగఁగల బలము ఎన్నియేండ్లుండునో ఆ తరువాత చూచుకొందుము.

ఈ యేర్పాటు చెప్పఁగా కూఁతురు కొంత చిన్నఁబుచ్చుకొనినది. మా గృహిణి మాత్రము అంతయు విని, దీపము వత్తి సరిచేయుచు ఇట్లనినది: "ముందు నేను పోతే మీరు అమ్మాయి దగ్గరికి పోండి, మీకు వంట రాదు. ముందు మీరు పోతే నన్ను ఎక్కడికీ రమ్మనొద్దు. ఈ వీధిలో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లు ఇంకా నలుగురున్నారు." ఆ మాటకు నేను ఇంకను ప్రత్యుత్తరము చెప్పలేదు. రాజమహేంద్రవరము దాఁక రైలుటిక్కెట్లు కొన్నాము. అచ్చటినుండి అల్లుఁడు బండి తెచ్చును.