క్లౌడ్‌కు మారేముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనలో రైస్ మిల్లులు, ఆసుపత్రులు, చిట్‌ఫండ్ కంపెనీలు, బడులు నడుపుతున్నవారు చాలామంది ఉన్నారు. ఆఫీసులోని సర్వర్ తీసేసి క్లౌడ్‌కు మారదామా అని కొందరు నన్ను అడుగుతుంటారు. మారండి. కాని ఒక్క సంగతి మరవకండి. క్లౌడ్‌కు వెళ్లేది మిషనే, బాధ్యత కాదు.

మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన రైతునే చూడండి. చల్లదనం వాళ్లు చూస్తారు. ఎన్ని బస్తాలు పెట్టాం, రసీదు ఎవరి దగ్గరుంది అన్నది రైతే చూసుకోవాలి. క్లౌడ్‌లోనూ అంతే. భవనం, కరెంటు, మిషన్లు వాళ్లవి. డేటా, పాస్‌వర్డులు, ఎవరు ఏది చూడవచ్చన్న అనుమతులు మనవి. ఐటీ పని బయటివారికి అప్పగించినా బ్యాంకు బాధ్యత తగ్గదని రిజర్వు బ్యాంకు 2023 ఆదేశాల్లో స్పష్టంగా చెప్పింది.

మూడు ఉదాహరణలు చెబుతాను.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ కాలిపోయింది. కొందరు ఖాతాదారుల బ్యాకప్ కూడా అక్కడే ఉంది. అసలుతో పాటు నకలూ పోయింది.

2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను నిధికి గూగుల్ క్లౌడ్‌లో ఉన్న వ్యవస్థ చెరిగిపోయింది. ఏర్పాటు చేసేటప్పుడు ఒక వివరం ఖాళీగా వదిలేయడమే కారణమని గూగుల్ తెలిపింది. 6 లక్షలకు పైగా సభ్యులున్న నిధి అది. వారం దాకా వారికి తమ ఖాతాలు కనిపించలేదు. మరో సంస్థ దగ్గర కూడా బ్యాకప్ ఉంచుకోవడం వారికి ఎంతో అక్కరకొచ్చింది.

2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఒకే వారాంతంలో కొత్త వ్యవస్థకు మారింది. డేటా క్షేమంగానే చేరింది, వ్యవస్థే తట్టుకోలేకపోయింది. లక్షలాది ఖాతాదారులు తమ డబ్బు తాము తీసుకోలేక అవస్థపడ్డారు. పూర్తిగా కుదురుకునేసరికి డిసెంబరు వచ్చింది. 2022లో 4.865 కోట్ల పౌండ్ల జరిమానా పడింది.

ఇక మనం చేయవలసినవి. మొదట ఒక కాగితం మీద మన పనులన్నీ రాయండి. బిల్లింగు, జీతాలు, స్టాకు, రోగుల రిపోర్టులు. ఒక్కొక్కటి ఎన్ని గంటలు ఆగినా ఫర్వాలేదు? ఎన్ని గంటల డేటా పోయినా మళ్లీ రాసుకోగలం? ఈ రెండు అంకెలు యజమానే చెప్పాలి, సాఫ్ట్‌వేర్ కుర్రాడు కాదు. ఎంత ఖర్చు పెట్టాలో వాటిని బట్టే తేలుతుంది.

ఆగినా నష్టం లేని పనిని ముందు మార్చండి. జీతాలు, ఖాతాల వంటివాటిని కనీసం ఒక నెలాఖరు దాటేదాకా పాత, కొత్త పద్ధతుల్లో పక్కపక్కనే నడిపి లెక్కలు సరిచూడండి. బ్యాకప్ కాపీ ఒకటి వేరే ఊళ్లో, వేరే సంస్థ దగ్గర, వేరే పాస్‌వర్డుతో ఉంచండి. మూడు నెలలకోసారి దాన్ని తెరిచి, అందులోంచి పని మళ్లీ మొదలవుతుందో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టు కాదు. ఇంటర్నెట్ ఆగిన రోజు బిల్లు ఎలా రాయాలో కౌంటరులో కూర్చునేవారికి ముందే నేర్పండి. ఆ సంస్థను వదిలేస్తే డేటా ఏ రూపంలో తిరిగిస్తారో, దానికెంత తీసుకుంటారో సంతకానికి ముందే అడగండి.

మన కంప్యూటర్లలోని అంకెల వెనక ఒకరి నెల జీతం, ఒకరి చిట్టీ డబ్బు, ఒకరి రక్త పరీక్ష ఉన్నాయి. వారు నమ్మింది క్లౌడ్‌ను కాదు, మనల్ని.