పేరులోనే గుట్ట ఉంది

(స్వర్ణోత్సవ పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

దూరపు పరుగుల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నాలుగే చెబుతాను. భోజనాల వేళ దాటితే మీరే నన్ను పరిగెత్తిస్తారు.

లోకంలో చిత్రమైన పరుగులు చాలా ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ మారథాన్ 1921లో మొదలైంది. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఊళ్ల మధ్య దాదాపు 88 కిలోమీటర్లు. మామూలుగా ఒక ఏడు సముద్రం నుంచి పైకి, మరో ఏడు పైనుంచి సముద్రానికి. 12 గంటలు దాటి ఒక్క క్షణం ఆలస్యమైనా పతకం లేదు. మన దేశంలోనే లడఖ్ మారథాన్ 2012లో మొదలైంది. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలుచన. కొన్ని రోజుల ముందే వెళ్లి, ఒళ్లు అలవాటు పడ్డాకే పరిగెత్తాలి. ఖర్దుంగ్ లా కనుమ మీదుగా 72 కిలోమీటర్ల పరుగు కూడా అక్కడే ఉంది.

అవన్నీ మనకెందుకులే అంటారేమో. అలాంటిదొకటి మన గుమ్మం ముందు నుంచే పోతోంది. 2011లో మొదలైన హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టులో జరుగుతుంది. మొత్తం 42.195 కిలోమీటర్లు. ఇటీవలి ఏళ్లలో నెక్లెస్ రోడ్డు దగ్గర తెల్లవారకముందే మొదలై రాజ్‌భవన్ రోడ్డు, పంజాగుట్ట ఫ్లైఓవర్, జూబ్లీహిల్స్, దుర్గం చెరువు తీగల వంతెన మీదుగా గచ్చిబౌలి స్టేడియం చేరుతోంది.

బస్సులో తిరిగినంతకాలం ఈ ఊరి ఎత్తుపల్లాలు మనకు తెలియవు. పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉంది, పట్టించుకోం. కాలికి మాత్రం తెలుస్తుంది. సాగర్ గట్టు నుంచి జూబ్లీహిల్స్ దాకా చూస్తే ఎక్కుడే ఎక్కువ. అక్కడ అడుగు చిన్నది చేసుకోవాలి, నాలుగు గజాల ముందుకే చూడాలి. ఆగస్టు ఉక్కకు చెమట ఆరదు, నీళ్లతోపాటు కాస్త ఉప్పూ పడాలి. అయినా రేయింబవళ్లు హారన్లు మోగే ఆ ఫ్లైఓవర్ మీద ఆ ఒక్క పూట అడుగుల చప్పుడు వినిపిస్తుంది. నాకు అంతకన్నా అందమైన దారి లేదు.

ఇక అసలు మాట. మన బడికి పెద్ద మైదానం ఎప్పుడూ లేదు. ఉన్న జాగాలోనే డ్రిల్లు మాస్టారు మనల్ని చుట్లు తిప్పారు. ఇప్పుడు పదో తరగతి పి.టి. పీరియడ్ లెక్కలకు పోతోందని పిల్లలే చెప్పారు. లెక్కల మాస్టార్లను తప్పుపట్టను, ఫలితాల భారం వాళ్ల మీదే ఉంది. కానీ ఈ పిల్లలు బడి నుంచి ట్యూషన్‌కు, ట్యూషన్ నుంచి ఇంటికి వెళ్తారు. వాళ్లు ఇంకెక్కడ పరిగెత్తాలి?

స్వర్ణోత్సవ కానుకగా ఆర్చి కట్టిద్దామన్నారు, మంచిదే. దాంతోపాటు వారానికి రెండు పి.టి. పీరియడ్లు పరీక్షల నెలలో కూడా కదలకుండా ఉంచమని యాజమాన్యాన్ని అడుగుదాం. డ్రిల్లు టీచరు జీతంలో కొంత మన సంఘం భరించవచ్చు, నా వంతు నేను ఇస్తాను. వచ్చే మారథాన్ నాడు పిల్లలతో కలిసి ఫ్లైఓవర్ పక్కన నిలబడి చప్పట్లు కొడదాం. పరిగెత్తాలనుకునే మన వయసువాళ్లు మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోండి.

భోజనాలు పిలుస్తున్నట్టున్నారు. సెలవు.