ఓటమిని తట్టుకోవడమూ చదువే

(ఏర్గట్లలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతిభ గల పిల్లలను సన్మానించేటప్పుడు వారి మార్కులు చదివి వినిపిస్తాం, శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం. వారి మనస్సు ఎలా ఉందని మాత్రం అడగం. నేడు ఆ విషయాన్నే మీ ముందుంచదలిచాం.

మనది పసుపు పండే నేల. తవ్వి తీసిన పసుపు కొమ్మును ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టిన తరువాతే అంగడికి పంపుతాం. ప్రతిభ కూడా పచ్చికొమ్ము వంటిదే. లక్ష్యాన్ని చిన్న చిన్న మెట్లుగా విభజించుకోవడం, భయాన్ని అదుపులో పెట్టుకోవడం, ఓడిన తరువాత మళ్లీ నిలబడడం, సాయం అడగడం పుట్టుకతో వచ్చే గుణాలు కావు. అభ్యాసంతో అబ్బే నైపుణ్యాలు.

తెలివైన పిల్లలకు ఇవన్నీ ఎందుకని కొందరు అడుగుతారు. వారికే మరీ అవసరం. ఊరి బడిలో ఎప్పుడూ మొదటి స్థానంలో ఉన్న పిల్ల గురుకులానికి వెళ్తుంది. అక్కడ అందరూ తమ తమ ఊళ్లలో మొదటివారే. పదిహేనేళ్ల వయస్సులో మొదటిసారి వెనుకబడుతుంది. ఓడిపోవడం ఆమెకు అలవాటు లేదు. పైగా ఇంటి బాకీ, చెల్లెలి పెళ్లి, గల్ఫ్ నుంచి తండ్రి తిరుగు ప్రయాణం, బీడీలు చుట్టే తల్లి ఆశలు, అన్నింటినీ మనం ఆ ఒక్క హాల్‌టికెట్‌కు ముడివేస్తాం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాతి రోజుల్లో తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ గాయాన్ని మరువరాదు.

మన జిల్లా బిడ్డ నిఖత్ జరీన్ ప్రయాణం చూడండి. 2011లో జూనియర్ ప్రపంచ విజేత. 2017లో భుజానికి గాయం. 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీల ఎంపికలో మేరీకోమ్ చేతిలో 9-1 తేడాతో పరాజయం. ఆ ఎంపిక పోటీ న్యాయంగా జరపాలని ముందే కేంద్ర మంత్రికి లేఖ రాసిన అమ్మాయి ఆమె. హక్కును అడిగింది, ఫలితాన్ని భరించింది, మళ్లీ సాధనకు వెళ్లింది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో, 2023 మార్చిలో ఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాలేదు. అయినా రింగ్ విడువలేదు. పతకాలతో పాటు ఈ పరాజయాలను కూడా పిల్లలకు చెప్పాలి.

ఇక ఇంట్లో మనం చేయగలిగినది. 1998లో అమెరికాలో క్లాడియా మ్యుల్లర్, కెరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లలపై చేసిన పరిశోధన ప్రచురించారు. తెలివైనవారని మెప్పు పొందిన పిల్లలు కష్టమైన ప్రశ్నల్లో తడబడ్డాక త్వరగా వెనుకడుగు వేశారు. శ్రమకు మెప్పు పొందినవారు పట్టు విడువలేదు. కనుక "మా పిల్ల చాలా హుషారు" అని పదిమందిలో చాటడం తగ్గిద్దాం. "బేటా, ఈ పాఠం కోసం బాగా కష్టపడ్డావు" అందాం.

విద్యార్థులారా! పరీక్ష గదిలో చేతులు వణికితే నెమ్మదిగా ఊపిరి పీల్చి, పీల్చిన సమయం కన్నా ఎక్కువసేపు వదలండి. అయిదారు సార్లు చేస్తే గుండెదడ నెమ్మదిస్తుంది. తెలిసిన ప్రశ్నతో మొదలుపెట్టండి. "నాకు రాదు" అనే మాట మనస్సులోకి వస్తే "ఇంకా రాలేదు" అని దిద్దుకోండి. మార్కులు తగ్గితే ఎక్కడ తప్పిందో కాగితంపై రాయండి. పాఠం తప్పింది, మీరు తప్పలేదు. పరీక్షల కోసం నిద్ర మానకండి.

తల్లిదండ్రులారా! పిల్ల తిండి మానినా, నిద్రపోకున్నా, బ్రతుకు మీద విరక్తిగా మాట్లాడినా కోప్పడవద్దు, ఒంటరిగా వదలవద్దు. ఈమాన్ తక్కువని నిందించవద్దు. దుఆ చేద్దాం, దానితో పాటు వైద్యుణ్ణి కూడా కలుద్దాం. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీమానస్ ఉచిత నంబరు 14416. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇది దయాధర్మం కాదు, హక్కు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి వ్యక్తికీ చికిత్స పొందే హక్కునిచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సిలరో, మనస్తత్వ నిపుణుడో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరుండాలి. మార్కుల ఆధారంగా పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయరాదు, అందరి ఎదుట అవమానించరాదు. తగిన చట్టం వచ్చేవరకు ఇవి అమలులో ఉంటాయి.

2016లో 71 పాఠశాలలతో మొదలైన తెలంగాణ మైనారిటీ గురుకులాలు తరువాత 204కు పెరిగాయి. మన బిడ్డలు వేలాదిగా వాటిలో చదువుతున్నారు. ప్రతి గురుకులంలో కౌన్సిలర్ ఉన్నారా? ఉంటే ఆ వ్యక్తి అర్హత ఏమిటి? 14416 నంబరు హాస్టల్ గోడపై రాసి ఉందా? ఈ మూడు ప్రశ్నలను తల్లిదండ్రులు సంతకాలతో ప్రిన్సిపాల్‌కు ఇవ్వాలి. బదులు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగాలి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వవలసిందే. గుమాస్తాగా కాగితాల మధ్య జీవితం గడిపిన మాకు బాగా తెలిసిన సంగతి ఒకటి ఉంది. నోటిమాట గాలిలో పోతుంది, ఇన్‌వార్డ్ నంబరు పడిన దరఖాస్తు నిలుస్తుంది.

దరఖాస్తు రాయడం రానివారు సంకోచించకుండా రండి, మేము రాసిపెడతాం. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లాక మాత్రం బిడ్డను మార్కుల సంగతి అడగకండి. "బేటా, మనస్సు ఎలా ఉంది?" అని అడిగి, చెప్పినంతసేపూ వినండి.

ఖుదా హాఫిజ్.